మూడు పిక్సెళ్ల నిట్టూర్పు

ఆ సంస్థలో ఆమెను అందరూ మచ్చలమ్మ అనేవారు. ఆమె ముఖాన ఒక్క మచ్చా లేదు. మచ్చలు వెతకడమే ఉద్యోగం కాబట్టి ఆ పేరు పడింది.

భూమి చుట్టూ తిరుగుతూ సూర్యుణ్ణి చూసే ఉపగ్రహం ఒకటి వాళ్లకుంది. అందులోని పరికరం మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతిని పట్టుకుని, సన్నటి గీతలుగా విడదీసి, అగ్గిపెట్టెంత డిటెక్టరు మీద పడేస్తుంది. గీత ఎక్కడ పడిందో చూస్తే సూర్యుడి మీద వేడి వాయువు ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో తెలుస్తుంది. వాయువు మన వైపు వస్తుంటే గీత ఒక పక్కకి జరుగుతుంది, దూరంగా పోతుంటే రెండో పక్కకి. చిక్కల్లా ఆ డిటెక్టరుతోనే. పద్నాలుగేళ్లుగా అంతరిక్షంలో దెబ్బలు తింటున్న వస్తువు. కొన్ని పిక్సెళ్లు చచ్చిపోయాయి. కొన్ని చిమ్మచీకట్లో కూడా వెలుగుందని బొంకుతాయి. అన్నిటికంటే కాంతివంతమైన గీత ఏళ్ల తరబడి ఒకే చోట పడీ పడీ, ఎండ తగిలిన కర్టెన్ వెలిసిపోయినట్టు, అక్కడ నిలువునా ఒక పట్టీ మొద్దుబారిపోయింది. ఈ అవకరాలన్నిటికీ జాబితా రాసి, వాటిని సరిచేసే ప్రోగ్రాములు రాసి, డిటెక్టరు చేసిన తప్పు సూర్యుడి నెత్తిన పడకుండా చూడడం మచ్చలమ్మ పని.

ఆ పని ఎంత శ్రద్ధగా చేసేదో, ఆ పని తెలియనివాళ్లను అంత ఘనంగా ఈసడించుకునేది. ఆమె లెక్కన సంస్థలో సగం మందికి సూర్యుడికీ అద్దం మీది దుమ్ముకీ తేడా తెలియదు. మిగతా సగానికి తెలిసినా పట్టదు. ఎవరైనా కొత్త బొమ్మ పట్టుకుని పరుగెత్తుకొస్తే కళ్లజోడు ముక్కు చివరికి జార్చి ఒక్క చూపు చూసి, "మూడొందల పన్నెండో వరస. చచ్చిన పిక్సెల్. దానికి దండ వేసి రండి," అని మళ్లీ తన స్క్రీన్ వైపు తిరిగేది.

అందరికంటే ఎక్కువగా ఆమె ఈసడించుకున్న మనిషి సొంత బావ.

బావ అంటే అక్క మొగుడు. అదే సంస్థలో పరిశోధన బృందానికి పెద్ద. మనిషి చూడ్డానికి బాగుంటాడు, మాట్లాడితే ఇంకా బాగుంటాడు. ఏ సభలోనైనా మైకు చేతికిచ్చారంటే తిరిగి లాక్కోవడానికి ఇద్దరు కావాలి. అందుకని మచ్చలమ్మ లోలోపల ఆయనకు మైకు బావ అని పేరు పెట్టుకుంది. ఆమె ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లకు గానీ ఆయన ఆ గుమ్మం తొక్కలేదు. అయినా కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ "ఓ, సార్ గారి మరదలా మీరు!" అనేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఒక ఉదయం టీ వేళకు మైకు బావ ఆమె గదిలోకి వచ్చాడు. తలుపు కొట్టలేదు. కుర్చీలో ఉన్న కాగితాలు కిందపెట్టి కూర్చున్నాడు.

"మరదలా, సూర్యుడు నిట్టూరుస్తున్నాడు."

"ఏం కష్టమొచ్చిందట?"

"నవ్వులాట కాదు. పోయిన మార్చి నుంచీ అన్నిటికంటే కాంతిగా ఉండే ఆ పెద్ద గీత జరిగింది. పక్కనున్న, సూర్యుడి మీద ఏం జరిగినా కదలని నిలకడ గీతతో పోలిస్తే అర పిక్సెల్ జరిగింది. సెకనుకు పదిహేను కిలోమీటర్ల వేగంతో వాయువు మన వైపు వస్తోంది. ఎక్కడో ఒక మూల కాదు, ఎటు చూస్తే అటు! సూర్యుడంతా ఒక్కసారిగా ఊపిరి వదులుతున్నాడు. ఇలాంటిది ఎవరూ చూడలేదు."

"ఎటు చూస్తే అటు అంటే? అంచులు చూశారా?"

"మధ్య భాగమంతా చూశాం."

"నేనడిగింది అంచుల సంగతి. వాయువు నిజంగా బయటికి వస్తుంటే మధ్యలో అది మన ముఖం మీదికి వస్తుంది, సరే. అంచు దగ్గర పక్కకి పోతుంది కదా. పక్కకి పోయేది మనకు గీత జరిగినట్టు కనిపించకూడదు. అంచు దగ్గర సున్నా రావాలి. అది చూడండి ముందు."

బావ చేయి గాలిలో ఆడించాడు. "అంచు దగ్గర కొలతల్లో గోల ఎక్కువమ్మా. అనవసరం. నీకు ప్రతిదాంట్లో మచ్చే కనిపిస్తుంది."

"కనిపించకపోతే నాకు జీతం ఇవ్వరు బావగారూ."

ఆయన నవ్వి, ఆమె టీ కప్పు పక్కనున్న బిస్కెట్టు తీసుకుని వెళ్లిపోయాడు.

వారం తిరిగేసరికి సంస్థ మొత్తం నిట్టూర్పు మాటే. వ్యాసం రాసి ఒక సైన్సు పత్రికకు పంపేశారు, కొన్ని వారాలకే వాళ్లు ఒప్పుకున్నారు కూడా. డైరెక్టరు విలేకరులను పిలిచి ప్రకటన చేద్దామన్నాడు. ఈ డైరెక్టరు పెద్దమనిషే, మంచివాడే. కానీ ఎవరు ఆఖర్న మాట్లాడితే వాళ్లది నిజమనుకునే రకం. గోడల మీద పోస్టర్లు వెలిశాయి. నారింజ రంగు సూర్యుడు, పక్కన మైకు బావ, ఇద్దరూ ఒకే సైజులో.

మచ్చలమ్మకు ఒళ్లు మండింది. ఎవరూ చూడని అంచులను తానే చూడాలని కూర్చుంది. పెద్ద పనేం కాదు, ఒక మధ్యాహ్నం పట్టింది. తూర్పు అంచు తీసింది: పదిహేను కిలోమీటర్లు. పడమటి అంచు తీసింది: పదిహేను కిలోమీటర్లు. ఉత్తరాన, దక్షిణాన, ఎక్కడ ముట్టుకున్నా అదే పదిహేను. అంటే సూర్యుడి మీద వాయువు, ఆ ఉపగ్రహం ఎక్కడ చూస్తే అక్కడ, మర్యాదగా దాని వైపే తిరిగి వీస్తోందన్నమాట. అంత మర్యాద మనుషుల్లోనే లేదు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వింది. ఆ ఉద్యోగంలో చేరిన పన్నెండేళ్లలో అంత హాయిగా ఎప్పుడూ నవ్వలేదు.

కాగితం ప్రింటు తీసుకుని నేరుగా డైరెక్టరు గదికి వెళ్లింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు.

"అంటే ఇది సూర్యుడిది కాదంటారా?"

"డిటెక్టరుది. సూర్యుడికి దీంతో ఏ సంబంధమూ లేదు."

"డిటెక్టరులో ఏమిటి లోపం?"

"అది ఇంకా తేల్చాలి. ఆ మొద్దు పట్టీయే అయ్యుంటుంది."

"తేలలేదన్నమాట." డైరెక్టరు ముఖంలో ప్రాణం లేచొచ్చింది. "తేల్చండి. నిదానంగా తేల్చండి. ఎల్లుండి విలేకరులు వస్తున్నారు. వాళ్లు వెళ్లాక కూర్చుని మాట్లాడుకుందాం. అయినా సార్ మీ బావగారే కదా, ఇంట్లోనే ఒక మాట అనుకుని ఉండాల్సింది."

ఆమె పళ్లు బిగబట్టి బయటికొచ్చింది.

ప్రకటన నాడు పెద్ద హాలు నిండిపోయింది. అక్క కూడా వచ్చింది, కోర్టుకు సెలవు పెట్టి. అక్క కోర్టులో స్టెనో. లాయర్లూ సాక్షులూ ఏమంటే అది అక్షరం పొల్లు పోకుండా దించే పని. ముందు వరసలో కూర్చుని, మొగుడు వేదిక మీద చేతులు చాచినప్పుడల్లా కళ్లు తుడుచుకుంది. మైకు బావ ముప్పావు గంట మాట్లాడాడు. సూర్యుడన్నాడు, శ్వాస అన్నాడు, విశ్వం అన్నాడు, అమ్మ ఒడి అని కూడా అన్నాడు. అది ఎక్కడ అతికిందో ఎవరికీ తెలియలేదు గానీ చప్పట్లు మాత్రం బాగా పడ్డాయి. వెనక వరసలో మచ్చలమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది. పక్కనున్న హీటర్ల ఇంజనీరు కూడా చప్పట్లు కొడుతుంటే, "నువ్వెందుకయ్యా కొడతావు?" అంది.

"చేతులు చల్లబడ్డాయి మేడం," అన్నాడు ఆయన. ఉపగ్రహంలో ఏ భాగం ఎంత వెచ్చగా ఉండాలో చూసుకునేది ఆయనే. నెమ్మదస్తుడు. ఒక వాక్యం మొదలుపెడితే పూర్తయ్యేలోపు టీ తాగి రావచ్చని ఆమె అందరితో అనేది.

మర్నాటి నుంచి ఆమె తలుపు వేసుకుని రాయడం మొదలుపెట్టింది. ఈ నిట్టూర్పు అసలు ఎలా పుట్టిందో అడుగడుగునా చూపించే నివేదిక. రాస్తుంటే ఆమెకు పండగలా ఉంది. 'ప్రాథమికమైన జాగ్రత్త కూడా తీసుకోకుండా' అని ఒకచోట రాసింది. చాలలేదు. 'మొదటి ఏడాది విద్యార్థి సైతం తీసుకునే ప్రాథమిక జాగ్రత్తను గాలికొదిలి' అని మార్చింది. మళ్లీ చదువుకుని మురిసిపోయింది.

ఇక కారణం చూపించడమొక్కటే మిగిలింది. పోయిన మార్చి నుంచి మొదలైంది కాబట్టి మార్చిలో ఏం జరిగిందో చూడాలి. వెతికితే దొరికింది: పరికరం లోపలి హీటరు ఒకటి బలహీనపడితే దాని బదులు అందులోనే ఉన్న ఇంకో హీటరును ఇక్కడి నుంచే ఆన్ చేశారు. లోపలి అద్దాలు వెంట్రుకవాసి కదిలాయి. డిటెక్టరు మీద గీతలన్నీ మూడు పిక్సెళ్లు పక్కకి పోయాయి. అన్నేళ్లూ మొద్దు పట్టీ మధ్యలో సరిగ్గా పడిన పెద్ద గీత, ఇప్పుడు సగం పట్టీ మీదా సగం బయటా పడుతోంది. పట్టీ మీద పడిన సగం మసకగా, బయటి సగం కాంతిగా కనిపిస్తుంది. చూసేవాడికి గీత మొత్తం కాంతి వైపు జరిగినట్టు అనిపిస్తుంది. నిట్టూర్పు అదే.

కానీ ఒక మెలిక ఉంది. పట్టీ మొద్దుబారిన సంగతి ఆమెకు కొత్త కాదు. దాన్ని సరిచేసే ప్రోగ్రాము ఆరేళ్ల కిందట ఆమే రాసింది. గీత ఎటు పోయినా పట్టీ ఉన్నచోటే ఉంటుంది కదా, మరి ఆ ప్రోగ్రాము మసకదనాన్ని ఎందుకు సరిచేయలేదు?

ఆమె ప్రోగ్రాము తెరిచింది. తన చేతిరాత చూసినట్టే ఉంది, ప్రతి వరసా గుర్తే. నూట నలభయ్యో వరస: గీతలన్నిటినీ నిలకడ గీత ప్రకారం వాటి స్థానానికి జరుపు. నూట నలభై ఒకటో వరస: మొద్దు పట్టీని సరిచెయ్యి.

రెండుసార్లు చదివింది. మూడోసారి చదవాల్సిన అవసరం లేకపోయింది.

ముందు పట్టీని సరిచేసి, ఆ తర్వాత గీతలను జరపాలి. ఆమె ముందే జరిపేసింది. ఆరేళ్లూ గీతలు కదలలేదు కాబట్టి ఏది ముందైనా ఒకటే అయింది. మార్చిలో కదిలాయి. అప్పటి నుంచీ ఆమె ప్రోగ్రాము బొమ్మను మూడు పిక్సెళ్లు లాగి, మొద్దుబారిన చోటు వదిలేసి, బాగున్న చోటికి మందు రాస్తోంది. మసక సగం మసకగానే ఉంది, కాంతి సగం ఇంకా వెలిగింది. అర పిక్సెల్. పదిహేను కిలోమీటర్లు.

ఆమె లేచి కిందికి, హీటర్ల ఇంజనీరు గదికి వెళ్లింది.

"మార్చిలో హీటరు మార్చినట్టు నాకెందుకు చెప్పలేదు?" గొంతు పెద్దదైంది. ఇంకా ఎక్కడో ఒక తప్పు ఎదుటివాడిలో దొరుకుతుందని ఆశ.

ఆయన కంగారు పడలేదు. నిదానంగా మెయిళ్లు వెతికి స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. 'గీతలు రెండు మూడు పిక్సెళ్లు జరగవచ్చు. మీ ప్రోగ్రాము మీద ప్రభావం ఉంటుందేమో ఒకసారి చూడగలరు.' దాని కింద ఆమె జవాబు, పదకొండు నిమిషాల తర్వాత ఇచ్చింది: 'నా ప్రోగ్రాముకు అలాంటి బెంగలు లేవు. మీ హీటర్లు చూసుకోండి.'

"మీరు అలా అన్నారు కదా అని నేను ఇంక…" అని ఆయన వాక్యం మొదలుపెట్టాడు. ఈసారి ఆమె పూర్తయ్యేదాకా నిలబడి విన్నది.

గదికి తిరిగొచ్చి నివేదిక తెరిచింది. 'మొదటి ఏడాది విద్యార్థి సైతం' అన్నచోట వేలు ఆగింది. ఆ మాటలు ఇప్పుడు ఎవరికి తగులుతాయో తెలుసు. ఎవరికీ చెప్పకుండా ఆ రెండు వరసలూ తారుమారు చేసేయవచ్చు. రేపటి నుంచి నిట్టూర్పు మాయమవుతుంది, సూర్యుడే ఊపిరి బిగబట్టాడనుకుంటారు. బావ దానిమీద ఇంకో వ్యాసం రాస్తాడు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. బావను ఎన్నిసార్లు అసహ్యించుకుందో, అంతకు రెట్టింపు ఒక్క నిమిషంలో.

ఆదివారం పొద్దున అక్క ఇంటికి వెళ్లింది. సోమవారం అందరి ముందూ చెప్పేముందు బావకు చెప్పడం న్యాయమనిపించింది. హాల్లో అక్క బట్టలు మడతపెడుతోంది. బావ సోఫాలో పత్రికలు పరుచుకుని తన ఫొటోలు కత్తిరిస్తున్నాడు.

ఆమె దాచకుండా చెప్పింది. హీటరు, మూడు పిక్సెళ్లు, తలకిందులైన రెండు వరసలు, ఇంజనీరు మెయిలు, తన జవాబు. బావ చేతిలో కత్తెర ఆగింది. ముఖం ముందు పాలిపోయింది. ఆ తర్వాత, ఆమె కళ్లముందే, నెమ్మదిగా రంగు తిరిగొచ్చింది.

"అంటే తప్పు నాది కాదన్నమాట!"

"ప్రోగ్రాము తప్పు నాది."

"అదే అంటున్నా! నీ ప్రోగ్రాము ఇచ్చింది నేను నమ్మాను. సొంత మరదలు ఇచ్చింది కదా అని నమ్మాను. ఇంక నేనేం చేయగలను? ఎవరైనా ఏం చేయగలరు?"

"అంచులు చూసి ఉండొచ్చు బావగారూ. నేను చెప్పాను."

"నువ్వు ఎప్పుడు చెప్పావు? అంచుల గురించి నాతో ఎవరూ అనలేదు."

అక్క మడతపెడుతున్న దుప్పటి ఒళ్లో పెట్టుకుంది. "అన్నది," అంది. "ఆ రోజు సాయంత్రం మీరే వచ్చి చెప్పారు నాకు. 'నీ చెల్లెలు అంచులు చూడమంటోంది. అంచులు చూస్తే ఈ ఏడాది తేలదు. ఎవరడుగుతారు అంచుల సంగతి?' అన్నారు. ఇక్కడే కూర్చుని అన్నారు. చెప్పులు కూడా విప్పలేదు."

"నేను అలా అనలేదు."

"అన్నారు. మీరన్న మాట ఒకటి తగ్గించలేదు, ఒకటి కలపలేదు. నా ఉద్యోగమే అది."

బావ పత్రికలన్నీ దగ్గరికి లాక్కుని లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అక్క మళ్లీ దుప్పటి అందుకుంది. మచ్చలమ్మ రెండో కొస పట్టుకుంది.

"సంతోషంగా ఉందా నీకు?" అంది అక్క, ఆమె వైపు చూడకుండా. "ఆయన్ని ఎప్పుడు దించుదామా అని ఇన్నేళ్లూ ఎదురుచూశావు. ముందు వరసలో కూర్చోబెట్టి నన్ను ఏడిపించాక దొరికిందా నీకు టైము?"

"ముందే చెప్పాను అక్కా, వినలేదు."

"నువ్వు చెప్పే తీరుకి ఎవరు వింటారే? ఎదుటివాడు దద్దమ్మ అని ముందు తేల్చేసి, ఆ తర్వాత కదా విషయం చెబుతావు!"

మచ్చలమ్మ దుప్పటి మడత పూర్తి చేసి వచ్చేసింది.

సోమవారం సమావేశంలో నిలబడి మొత్తం చెప్పింది. నివేదికలో బావ గురించి రాసిన విశేషణాలన్నీ కొట్టేసింది. మొదటి వాక్యంలోనే 'నేను రాసిన ప్రోగ్రాములో' అని ఉంది. ఇంజనీరు మెయిలూ తన జవాబూ తెర మీద వేసి చూపించింది. ఎవరో ముసిముసిగా నవ్వారు, నవ్వనిచ్చింది. డైరెక్టరు తల పట్టుకుని, "ఇప్పుడు విలేకరులకు ఏమని చెప్పాలి?" అన్నాడు. "డిటెక్టరు నిట్టూర్చిందని చెప్పండి," అని ఎవరో అన్నారు. మైకు బావ లేచి, గొంతు సవరించుకుని, విజ్ఞానశాస్త్రం తన తప్పులను తానే దిద్దుకుంటుందని, ఈ దిద్దుబాటుకు తన బృందం గర్విస్తోందని పదిహేను నిమిషాలు చెప్పాడు. తన బృందంలో మరదలు లేదని గానీ, ఉందని గానీ చెప్పలేదు.

వ్యాసం వెనక్కి తీసుకున్నారు. మచ్చలమ్మను మందలిస్తూ ఒక కాగితం ఇచ్చారు. మార్చి నుంచి వచ్చిన బొమ్మలన్నిటినీ ఆమె మళ్లీ మొదటి నుంచి సరిచేసింది. నాలుగు నెలలు పట్టింది. నిట్టూర్పు పోయింది. పెద్ద గీత ఎక్కడుండాలో అక్కడే, ఏ విశేషమూ లేకుండా నిలబడింది. ప్రతి వరసనూ హీటర్ల ఇంజనీరుకు చూపించింది. ఆయన స్క్రీన్ మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం చదివి, "ఇది ఎందుకు?" అనేవాడు. అడిగిన ప్రతిసారీ ఆమె నాలుక చివర ఒక పదునైన మాట సిద్ధంగా ఉండేది. మింగేసేది. రెండుసార్లు మాత్రం మింగలేకపోయింది, అలాంటప్పుడు టీ తెచ్చి ఇచ్చింది. ఆయన అడిగిన వాటిలో మూడు నిజంగానే తప్పులని తేలాయి.

మైకు బావకు ఏమీ కాలేదు. ఏడాది తిరగకుండా ఆయన కొత్త ఉపన్యాసం ఒకటి తయారు చేసుకున్నాడు, 'పరికరాన్ని ప్రశ్నించండి' అని. ఊళ్లు తిరిగి చెబుతున్నాడు. అంచులు చూడడం ఎంత ముఖ్యమో అందులో తొమ్మిది నిమిషాలు వివరిస్తాడట. వినేవాళ్లు రాసుకుంటారట. అక్క ఇప్పుడు ఆ సభలకు వెళ్లడం లేదు, కోర్టులో సెలవు దొరకడం లేదంటుంది. చెల్లెలితో మాట్లాడుతుంది గానీ ఇంతకు ముందులా గంటలు గంటలు కాదు.

ఈ మధ్య వేరే సంస్థ నుంచి ఎవరో ఒకావిడ మచ్చలమ్మకు మెయిలు పెట్టింది. మీ కొత్త ప్రోగ్రాములో కింది వరసల దగ్గర రెండు తప్పులున్నట్టున్నాయి అని. చదవగానే మచ్చలమ్మ మూతి ముడిచింది. "ఈవిడొకతె వచ్చింది నాకు నేర్పడానికి," అని పైకే అంది. తర్వాత ఫైలు తెరిచి సాయంత్రం దాకా చూసింది. ఒకటి తప్పే. రెండోది కాదు, ఆవిడే పొరబడింది. ముందు తన తప్పు, తర్వాత ఆవిడది, ఆ వరసలోనే రాసి, కృతజ్ఞతలు అని చేర్చి, పంపింది.